పులులు మూడు, మేకలు పదునైదు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతముల పల్లెలలో అరుగులమీద సుద్దతోనో బొగ్గుతోనో గీతలు గీసికొని ఆడు పులిజూదమును శ్రద్ధగా పరిశీలించినవారికి, నేటి కంప్యూటరు యుద్ధక్రీడల నిర్మాతలను వేధించుచున్న ప్రధానసమస్య యొకటి సులభముగనే బోధపడును. ఈ ఆటయందు 23 స్థానములు, 3 పులులు, 15 మేకలు. ప్రక్కనున్న మేకమీదుగా ఆవలి ఖాళీస్థానమునకు తిన్నగా దుమికి పులి దానిని హరించును. ఆ మేకవెనుక మరియొక మేక నిలిచియున్నచో దుమకజాలదు. మేకలన్నియు నొక్కజాతివే, ఐనను వానిని ఇచ్చవచ్చినట్లు పరచినవాడు ఓడును, ఒకదాని కొకటి అండగా నిలిపి పులులను కదలనీయక బంధించినవాడు గెలుచును.

రియల్ టైమ్ స్ట్రాటజీ అనబడు క్రీడలలో వంతులు లేవు. ఇరుపక్షములును ఏకకాలమున ధనధాన్యములను కూర్చుకొనుచు, సేనలను పెంచుకొనుచు పోరాడును. 1992లో వెలువడిన డ్యూన్ 2 ఈ ప్రక్రియకు రూపము దిద్దినది. అందు అనేకవిధముల బలము లుండగా, క్రీడాకారు డొక్క రకమునే గుంపులు గుంపులుగా తయారుచేసి శత్రువుపై విడుచుటను ఆటగాండ్రు స్పామ్ అందురు. 1996 నాటి రెడ్ అలర్ట్‌లో ట్యాంకుల దండయాత్ర ఇట్టిదే. మొదట చెప్పిన సమస్య యిదియే.

దీనికి గణితకారణము కలదు. 1916లో ఆంగ్లేయ యంత్రశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ లాంచెస్టర్ ప్రతిపాదించిన సూత్రము ననుసరించి, దూరమునుండి కొట్టువారందరును ఒక్కసారిగా అస్త్రములు ప్రయోగింపగలరు గనుక, వారి సంఖ్య రెట్టింపైనచో బలము నాలుగింతలగును. సమానకౌశలముగల విలుకాండ్రు 20 మంది 10 మందిని ఎదిరించినచో, ప్రత్యర్థులందరు కూలునప్పటికి వీరిలో 17 మంది మిగులుదురు. ఇరుకుదారిలో ఒకనితో నొకడు తలపడు ఖడ్గధారులలోనైతే మిగులువారు పదిమందియే. అందుచేత దూరాస్త్రముగల బలమునకు అడ్డుకట్ట లేనిచో, ఆట యంతయు దానినే పోగుచేయు పందెముగా దిగజారును.

1999లో వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 ఈటెగాండ్రచే ఆశ్వికులను, ఆశ్వికులచే విలుకాండ్రను, విలుకాండ్రచే ఈటెగాండ్రను అణపించి ఈ దోషమును చాలవరకు సరిదిద్దినది. ఇది మంచి ఉపాయమే. కాని ఇంతటితో చాలునని నే ననుకొనను. బలములనడుమ విరోధచక్రము కన్న, భూమియు వ్యయమును వేగమును కల్పించు భేదము గాఢమైనది. 1213లో పాలంపేటయందు రేచర్ల రుద్రుడు నిర్మింపించిన రామప్ప గుడి అధిష్ఠానమును చుట్టివచ్చు గజపంక్తిని చూడుడు: కాకతీయులనాటి ఏనుగు శత్రుపంక్తులను భేదించుటలో అసమానమే, కాని మేతకు వ్యయము మెండు, గురిపెట్టువానికి పెద్ద లక్ష్యము. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ ఓరుగల్లు మట్టికోటను గైకొని లోపలి రాతికోటను ముట్టడించినప్పుడు, కాకతీయరాజు ప్రతాపరుద్రుడు గజాశ్వముల నిచ్చి సంధి చేసికొనవలసివచ్చెను. కదలుటకు తావు లేనిచోట చతురంగబల వైవిధ్యమును నిరర్థకమగునని నాకు తోచుచున్నది.

ఆటలు నిర్మింపగోరు మన యువకులారా, బలముల రకములను పెంచుటకు ముందు ఒక్క పరీక్ష చేయుడు. ఒక్క జాతినే పోగుచేసి, ఆలోచన లేక ముందుకు నెట్టు ఆటగానిని గెలువనిచ్చుచున్నదా మీ ఆట? గెలువనిచ్చినచో, క్రొత్త బలమును చేర్పక, ఉన్న బలములకు నేలను, వెలను, పరస్పరావసరమును కల్పింపుడు.