గ్లవ్స్ లేని కాలంలో ఎవరి గుద్దు గట్టిది? లెక్క తేల్చడం ఎందుకంత కష్టం

సాయంత్రం పూట మైత్రీవనం దగ్గర చాయ్ తాగుతూ నిలబడితే చెవిన పడే వాదనలకు లెక్కే ఉండదు. కోచింగ్ క్లాసులు అయిపోయి, హాస్టల్ రూమ్‌కి పోబుద్ధి కాని కుర్రాళ్లు ఫోన్లో వీడియోలు పెట్టుకుని పంచాయితీ చేస్తుంటారు. ఎవరి పంచ్ గట్టిది? టైసన్‌దా, ఫోర్‌మన్‌దా? అంతలో ఒకడు ఇంకా వెనక్కి పోతాడు. "వీళ్లంతా గ్లవ్స్ వేసుకుని కొట్టినోళ్లే కదరా. ఉత్త చేతులతో కొట్టుకున్నోళ్ల ముందు వీళ్లెంత?" అక్కడితో వాదన ఆగిపోతుంది. ఎందుకంటే ఆ కాలపు వీడియో ఎవరి దగ్గరా లేదు.

ప్రశ్న మంచిదే. ఉత్త చేతుల చాంపియన్ల గుద్దు బలాన్ని కొలవాలంటే ముందు వాళ్లు ఆడిన ఆట ఏంటో తెలియాలి. ఇప్పుడు మనం చూసే బాక్సింగ్ కాదు అది.

ఇంగ్లండ్‌లో 1719లో చాంపియన్ అనిపించుకున్న జేమ్స్ ఫిగ్‌తో ఈ చరిత్ర మొదలవుతుంది. 1743లో జాక్ బ్రౌటన్ అనే ఇంకో చాంపియన్ మొదటిసారి ఆటకు రాసిపెట్టిన నియమాలు తెచ్చాడు. 1838లో లండన్ ప్రైజ్ రింగ్ నియమాలు వచ్చాయి. వీటన్నిటిలో అసలు సంగతి ఒకటే: రౌండ్‌కు టైమ్ లేదు. ఇద్దరిలో ఒకడు కిందపడితే రౌండ్ అయిపోయినట్టు. అర నిమిషం విశ్రాంతి. ఆ తర్వాత లేచి రింగు మధ్యలో గీసిన గీత దగ్గరికి రావాలి, రాలేకపోతే ఓడినట్టు. ఎదుటివాడిని నడుం పట్టుకుని ఎత్తి పడేయడం కూడా ఆటలో భాగమే. సగం ముక్కేబాజీ, సగం కుస్తీ అన్నమాట.

దీనివల్ల ఏమైందంటే, ఆ కాలం రికార్డులను ఇప్పటి కళ్లతో చదివితే తప్పు లెక్క వస్తుంది. "ఫలానా చాంపియన్ ఎదుటివాడిని 30 సార్లు పడగొట్టాడు" అని ఉంటే అందులో గుద్దుకు పడ్డవి కొన్ని, ఎత్తి పడేసినవి కొన్ని. ఇంకొన్నిసార్లు ఆ 30 సెకన్ల విశ్రాంతి కోసం అలసినవాడు తనంతట తనే మోకాలు ఆనించి ఉంటాడు. ఇప్పుడు రెఫరీ పది లెక్కపెట్టేలోగా లేవకపోతే నాకౌట్. అప్పుడు దాదాపు మూడింతల టైమ్ ఉండేది. ఇవాళ నాకౌట్ కింద రాసుకునే దెబ్బ ఆ రోజుల్లో ఒక రౌండ్ ముగింపు మాత్రమే. కాబట్టి "ఎన్ని నాకౌట్లు" అనే కొలబద్ద ఇక్కడ పనికిరాదు.

మరి పంచ్ బలాన్ని ఇప్పుడెలా కొలుస్తున్నారు? మాల్‌లో గేమ్ జోన్ దగ్గర కొడితే నంబర్ చూపించే మెషిన్‌ను మాత్రం నమ్మకండి. ల్యాబ్‌లో కొలిచిన లెక్కలు వేరే ఉన్నాయి. 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో హెవీవెయిట్ బాక్సర్ ఫ్రాంక్ బ్రూనో పంచ్ మీద ఒక పరిశోధన అచ్చయింది. ఆయన గ్లవ్ తగిలేటప్పటి వేగం సెకనుకు 8.9 మీటర్లు, అంటే గంటకు 32 కిలోమీటర్లు. సాయంత్రం అమీర్‌పేట నుంచి పంజాగుట్ట వైపు బండి మీద వెళ్లేవాళ్లకు అది కలలో వేగం, అది వేరే సంగతి. దెబ్బ బలం 4,096 న్యూటన్లు. క్షణంలో అతి చిన్న భాగంపాటు 400 కిలోల పైచిలుకు బరువు మీద పడ్డట్టు. 2005లో వచ్చిన ఇంకో పరిశోధనలో ఏడుగురు ఒలింపిక్ స్థాయి బాక్సర్ల పంచ్ సగటున 3,400 న్యూటన్లు దాటింది. గుద్దు బలం కండలు తిరిగిన చేతిలో ఉండదని కోచ్‌లు చెప్పే మాట నిజమే. కాలితో నేలను తన్ని, నడుం తిప్పి, ఆ ఊపు మొత్తాన్ని భుజం మీదుగా పిడికిలికి చేర్చడంలోనే ఉంది కిటుకు.

ఇక్కడే ఉత్త చేతి సమస్య వస్తుంది. పిడికిలి అంటే సన్నసన్నని ఎముకల కట్ట. తల అంటే గట్టి చిప్ప. రెండూ ఢీకొంటే ముందు విరిగేది ఏది? చిటికెన వేలి కింద అరచేతిలో ఉండే ఎముక విరగడాన్ని డాక్టర్లు ఇప్పటికీ 'బాక్సర్స్ ఫ్రాక్చర్' అనే అంటారు. కోపంలో గోడను గుద్దినవాళ్లకు ఎక్కువగా అయ్యేది ఇదే. అందుకే ఆ కాలం ఫైటర్లు చర్మం మొద్దుబారాలని చేతులను ఉప్పునీళ్లలో నానబెట్టేవాళ్లు. కానీ చర్మం గట్టిపడితే ఎముక గట్టిపడదు కదా. చెయ్యి విరిగితే ఆట పోతుంది, బతుకుతెరువు పోతుంది. కాబట్టి నుదురు మీద పూర్తి బలంతో కొట్టడం తక్కువ. కళ్ల చుట్టూ, దవడ మీద, పక్కటెముకల కింద చూసి చూసి కొట్టాలి. అంటే ఉత్త చేతుల ఫైటర్ దగ్గర ఎంత బలం ఉన్నా, దాన్ని మొత్తం వాడే స్వేచ్ఛ ఉండదు. గ్లవ్స్ లేవు కాబట్టి దెబ్బలు గట్టివి అనే మన కుర్రాడి వాదన ఇక్కడ తలకిందులవుతుంది.

ఇక ఒక్కొక్కరినీ చూద్దాం. జేమ్స్ ఫిగ్ గుద్దు గురించి ఎవరేం చెప్పినా పక్కన పెట్టేయొచ్చు, ఆయన ఎక్కువ పేరు తెచ్చుకున్నది కత్తి, కర్ర పట్టడంలో. డేనియల్ మెండోజా 1790లలో చాంపియన్, యూదుడు, ఎత్తు ఐదడుగుల ఏడంగుళాలు, బరువు 72 కిలోల చుట్టుపక్కల. బరువు తరగతులు లేని ఆ రోజుల్లో తనకంటే భారీ మనుషులను ఓడించాడు. అయితే అది కాళ్ల కదలిక, కాచుకోవడం తెలిసిన తెలివితో గెలిచిన గెలుపు. 1795లో జాన్ జాక్సన్ ఆయన జుట్టు పట్టుకుని కొట్టి గెలిచాడు. అప్పటి నియమాల్లో అది తప్పు కాదు మరి!

టామ్ క్రిబ్ దగ్గరికి వస్తే కాస్త గట్టి సాక్ష్యం దొరుకుతుంది. 1810 డిసెంబర్‌లో ఆయనతో తలపడ్డది టామ్ మొలినో, అమెరికాలో బానిసగా ఉండి బయటపడ్డ నల్లజాతి ఫైటర్. ఆ రోజు మొలినో దాదాపు గెలిచినంత పని చేశాడు. జనం మధ్యలోకి తోసుకొచ్చారని, క్రిబ్‌కు అర నిమిషం కంటే ఎక్కువ టైమ్ దొరికిందని ఆనాటి నుంచీ చెప్పుకుంటున్నారు. 1811 సెప్టెంబర్‌లో మళ్లీ కలిసినప్పుడు క్రిబ్ 11 రౌండ్లలో ముగించాడు, మొలినో దవడ విరిగింది. విరిగిన దవడ అబద్ధం చెప్పదు. కానీ క్రిబ్ నెలల తరబడి కఠినంగా సాధన చేసి వచ్చాడు, మొలినో సరైన తయారీ లేకుండా దిగాడు. అలసిన మనిషికి తగిలిన దెబ్బ వేరు, సిద్ధంగా ఉన్న మనిషికి తగిలిన దెబ్బ వేరు.

1860లో ఇంగ్లండ్‌కు చెందిన టామ్ సేయర్స్, అమెరికా నుంచి వచ్చిన జాన్ హీనన్ మధ్య ఫైట్ రెండు గంటలు దాటింది. సేయర్స్ బరువు 70 కిలోలలోపు. హీనన్ ఆరడుగుల రెండంగుళాల మనిషి, 88 కిలోలు. మొదట్లోనే సేయర్స్ కుడి చెయ్యి దెబ్బతిని పనికి రాకుండా పోయింది. ఒక్క ఎడమ చేత్తోనే హీనన్ ముఖాన్ని కళ్లు కనపడనంతగా వాచిపోయేలా కొట్టాడు. చివరికి జనం రింగులోకి చొరబడ్డారు, ఫైట్ డ్రా అయింది. ఇది గుద్దు బలానికి సాక్ష్యమా? నాకైతే కాదనిపిస్తుంది. ఉత్త పిడికిలి చర్మాన్ని చీలుస్తుంది, వాపు తెస్తుంది. మనిషిని ఒక్క దెబ్బకు పడేయడం వేరే విద్య.

రింగులో ప్రాణాలు పోయాయి కదా అని కొందరు అడుగుతారు. 1833లో సైమన్ బర్న్ అనే ఐరిష్ ఫైటర్, చెవిటి బర్క్‌గా పేరుపడ్డ జేమ్స్ బర్క్‌తో మూడు గంటలకు పైగా, 99 రౌండ్లు పోరాడి ఓడిపోయి, మూడు రోజులకు చనిపోయాడు. పడ్డవాడిని 98 సార్లు మళ్లీ లేపి నిలబెడితే ఎవరి గుద్దుకైనా ప్రాణం పోతుంది. ఆ చావు చెప్పేది బర్క్ పిడికిలి గురించి కాదు, ఆట ఆపే మనిషి లేకపోవడం గురించి.

ఈ జాబితాలో రెండు రకాలుగానూ కొట్టిన మనిషి జాన్ ఎల్. సులివన్. అందుకే ఆయన్ని కొలవడం కొంచెం తేలిక. 1882లో ఉత్త చేతులతో ప్యాడీ రయన్‌ను 9 రౌండ్లలో, పది పదకొండు నిమిషాల్లో ఓడించి చాంపియన్ అయ్యాడు. 1883, 84లలో అమెరికా అంతా తిరుగుతూ, గ్లవ్స్ వేసుకుని నాలుగు రౌండ్లు తన ముందు నిలబడ్డవాడికి డబ్బిస్తానని సవాలు విసిరాడు. నిలబడ్డవాళ్లు అరుదు. అదే సులివన్ 1889 జులైలో మిసిసిపీ ఎండలో జేక్ కిల్‌రైన్‌తో ఉత్త చేతులతో తలపడితే 75 రౌండ్లు, 2 గంటల 16 నిమిషాలు పట్టింది. ఊళ్లలో సవాలుకు దిగినవాళ్లు కిల్‌రైన్ అంత ఆటగాళ్లు కాదు, ఒప్పుకోవాలి. కిల్‌రైన్ తప్పించుకుంటూ, కిందపడుతూ కాలం గడిపాడు కూడా. అయినా పాతకాలం చాంపియన్లలో గుద్దు బలానికి ఒక్కరినే ఎంచమంటే నేను సులివన్‌నే ఎంచుతాను.

ఈ కథలు మనదాకా ఎలా చేరాయో కూడా చూడాలి. అందులో ముఖ్యుడు పియర్స్ ఈగన్, 1812 నుంచి 'బాక్సియానా' అనే పుస్తకాలు రాసిన పత్రికా రచయిత. చదివేవాళ్లలో పందేలు కాసేవాళ్లు ఎక్కువ. మసాలా పడకుండా ఉంటుందా? మన దగ్గర వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గురించీ ఇట్లాంటి కథలు చాలా ఉన్నాయి. కానీ ఆయన ఛాతీ మీదికి ఏనుగును ఎక్కించుకున్నాడంటే, కథలో ఎంత కలిపినా ఏనుగు బరువు ఏనుగుకు ఉంటుంది. గుద్దుకు అట్లాంటి తూకం లేదు. సగం లెక్క తిన్నవాడి దవడలో, వాడి అలసటలో ఉంటుంది.

ఇదంతా పాత ముచ్చట అని వదిలేయొచ్చు కానీ, ఇందులో ఇప్పటి తల్లిదండ్రులకు పనికొచ్చే సంగతి ఒకటుంది. 1867లో క్వీన్స్‌బెర్రీ నియమాలతో గ్లవ్స్, మూడు నిమిషాల రౌండ్, పది లెక్క వచ్చాయి. గ్లవ్ ముందుగా కాపాడేది కొట్టేవాడి చేతిని. చెయ్యి విరుగుతుందన్న భయం తగ్గితే తల మీద పూర్తి బలంతో, ఎక్కువసార్లు కొట్టొచ్చు. చర్మం చీలడం తగ్గింది, మెదడు కుదుపు తగ్గలేదు. తలకు దెబ్బలు తిని తిని తడబడే బాక్సర్ల మీద హారిసన్ మార్ట్‌లాండ్ అనే డాక్టర్ పేరున్న వ్యాసం రాసింది 1928లో, గ్లవ్స్ వచ్చి స్థిరపడిన తర్వాతే.

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయ్యాక, అదే ఊరి హుసాముద్దీన్ పతకాలు తెచ్చాక, పిల్లలను బాక్సింగ్‌లో వేద్దామా అని ఆలోచించే ఇళ్లు మన దగ్గర ఉన్నాయి. నిఖత్ రెండు ఫైనల్స్‌లోనూ గెలిచింది 5-0తో, అంటే ఐదుగురు జడ్జీలూ ఆమెకే ఓటు వేశారు. నాకౌట్‌తో కాదు, దూరం, వేగం, శుభ్రంగా తగిలే పంచ్‌లతో గెలిచింది. మెండోజా బతికుంటే మెచ్చుకునే ఆట అది.

హెడ్‌గార్డ్ ఉంది కదా అని ధీమా పడకండి. అది కోతలను, వాపులను ఆపుతుంది, లోపలి కుదుపును ఆపుతుందన్న నమ్మకం లేదు. పెద్ద పోటీల్లో మగవాళ్లకు 2013 నుంచి దాన్ని తీసేశారు కూడా. అకాడమీకి వెళ్లినప్పుడు గ్లవ్స్ ఏ కంపెనీవి అని కాకుండా, తలకు తగిలే స్పారింగ్ వారానికి ఎన్నిసార్లు ఉంటుందో, కళ్లు తిరిగాయని పిల్ల చెప్తే ఆ రోజు ఏం చేస్తారో కోచ్‌ను అడగండి. తలకు దెబ్బ తగిలి నాకౌట్ అయితే కనీసం 30 రోజులు పోటీ కాదు కదా, స్పారింగ్ కూడా చేయకూడదని అమెచ్యూర్ నియమాల్లో ఉంది. సేయర్స్, సులివన్ కాలంలో అది 30 సెకన్లు.