నలుగురు గూడి యాడు కథ

బాల్యమున బొమ్మలపెండ్లి చేయని స్త్రీ మనలో నరుదు. ఒక బాలిక పెండ్లికూతురి తల్లి, వేరొకతె వరుని తల్లి, మూడవది పురోహితుడు. ఆట సగమగునప్పటికి “ఎప్పుడును నీవే వియ్యపురాలవా?” యని తగవు పుట్టును, బొమ్మలు మరల పెట్టె చేరును. పెద్దవారి యాటలందును ఇట్టి తగవే కలదన్నచో సోదరీమణులు నవ్వుదురేమో! నేడు మన నగరములందును, విదేశములందున్న మనవారి యిండ్లయందును కొందరు యువతీయువకులు వారమున కొకసాయంకాలము బల్లచుట్టును గూర్చుండి యాడుచున్న పాత్రధారణక్రీడ యట్టిదే. మన బిడ్డలు గంటలకొలది యేమి చేయుచున్నారో తెలిసికొనుట తల్లులకు మంచిదని తలంచి దీనిని గూర్చి వ్రాయుచున్నాము.

ఈ క్రీడ యమెరికాలో పుట్టినది. విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవాలో నివసించిన గేరీ గైగాక్సును, మిన్నెసోటావాసియగు డేవ్ ఆర్నెసనును 1974వ సంవత్సరమున “డంజన్స్ అండ్ డ్రాగన్స్” అను పేర మూడు చిన్నపుస్తకముల నొకపెట్టెలో నుంచి వెలువరించిరి. మొదట నచ్చువేయించినవి వేయి ప్రతులు మాత్రమే. వారిరువురును బొమ్మసైన్యములతో యుద్ధక్రీడలాడినవారు. సేననంతయు నడుపుటకు మారుగా ఒక్కొక్కరు ఒక్కొక్క వీరుని నడుపుటయే యిందలి క్రొత్తదనము.

ఆటతీరు సులభమే. ఒకరు సూత్రధారులై యడవిని, కోటను వర్ణింతురు. రాజు పలుకులును, రాక్షసుని పలుకులును, బాటసారి పలుకులును వారివే. తక్కినవారు తలకొక పాత్రను ధరింతురు. “నేను నది దాటెదను” అని యొకతె పలికినచో, దాటగలదో లేదో సందేహమైనపుడు ఇరువది ముఖముల పాచిక తీర్పు చెప్పును. ఒకరు గెలిచి యొకరు ఓడుట యిందు లేదు. కథ నెలలతరబడి, ఒక్కొకప్పుడు ఏండ్లతరబడి సాగును.

ఈ క్రీడ మగవారి సొత్తని కొందరందురు. అది సరికాదు. 1975లోనే లాస్ ఏంజెలెస్ నగరమున లీ గోల్డ్ అను మహిళ “అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్” అను పత్రికను నెలకొల్పి, ఆటగాండ్ర యనుభవములకును, వాదములకును దశాబ్దములపాటు తావొసగెను.

ఇక చిక్కులను జెప్పెదము. మొదటిది తీరిక. అయిదుగురు కొకేసాయంకాలము తీరిక దొరకుట గగనకుసుమము. ఒకరికి పరీక్ష, ఒకరికి చుట్టాలు. ఇంటిపని గల యాడుది బల్లకడనుండి పలుమారు లేవవలసివచ్చును. ఆమె మరల వచ్చునప్పటికి కథ ముందుకు సాగియుండును.

రెండవది, సూత్రధారుని మొండిపట్టు. అతడు ముందుగనే కథనంతయు నల్లుకొని, ఎవరే త్రోవ పట్టినను తన త్రోవకే మరల్చును. అట్టిచో తక్కినవారు హరికథ వినవచ్చినవారే గాని యాటగాండ్రు గారు. మూడవది, మాటిమాటికి నియమగ్రంథము విప్పి వాదించువారు. నాలుగవది మిక్కిలి చెడ్డది: తోడివారి సొమ్ము దొంగిలించియో, వారిని పరిహసించియో, “నా పాత్రస్వభావ మట్టిది, నేనేమి చేయుదును?” అని తప్పించుకొనుట. ఆ పాత్రను గల్పించినది తానేకదా!

అయిదవదానిని మేము కన్నులార జూచితిమి. ఒక గుంపులో మితభాషిణియగు కన్య యొకతె యుండెను. గట్టిగా మాటలాడువారిరువురు ప్రతినిర్ణయమును దామే చేయుచుండిరి. నాలుగువారములు వచ్చి యామె మానివేసెను. కారణమడుగగా, “నా పాత్ర బ్రతికియున్నదో లేదో యెవరైన నడిగిరా?” అనెను. వారు దుష్టులు గారు. ఆమె మౌనమును సమ్మతిగా దలచిరి. మన యిండ్లలోను ఎందరి మౌనము నిట్లు తలచుచున్నామో!

ఈ చిక్కులలో పెక్కింటికి మూలము దోషము గాదు, రుచిభేదము. 1980లో గ్లెన్ బ్లాకో యను నాతడొక వ్యాసమున ఆటతీరులను నాలుగు విధములుగా విభజించెను. కొందరికి తమ పాత్రబలము పెరుగుట యింపు, కొందరికి పాత్రస్వభావమున లీనమగుట, కొందరికి యుద్ధతంత్రము, కొందరికి కథ నడక. ఒకేపంక్తిని గూర్చున్నను ఒకరికి పులుసు, ఒకరికి పెరుగు ఇష్టమగుట లేదా? కత్తియుద్ధము గోరువానికి రాజసభలోని సంభాషణ విసుగు. సంభాషణ గోరునామెకు గంటసేపు పాచికలు వేయుట విసుగు. ఇది తెలియనిచో ఒకరినొకరు మూర్ఖులనుకొందురు.

కావున అనుభవజ్ఞులు కథారంభమునకు ముందే యొకనాడు సమావేశమగుదురు. ఎవరికేమి ప్రియము, ఎట్టి విషయములు కథలో రాగూడదు, ఎంతసేపు ఆడవలెను, ఒకరు రానినాడు వారి పాత్రనేమి చేయవలెను అనునవి యపుడే నిశ్చయించుకొందురు. కొందరు బల్లనడుమ గుర్తువేసిన యొకచీటి నుంతురు. కథ మనసునకు బాధ గలిగించినచో దానిని దాకిన జాలును. కారణ మెవరును అడుగరు, కథ మఱియొకదారి పట్టును. మంచి సూత్రధారుడు పలుకనివారివైపు దిరిగి, “ఇప్పుడు మీరేమి చేయుదురు?” అని యడుగును. బదులు వచ్చుదాక వేచియుండును.

ఆ కన్య విషయము విని యా గుంపులోని సూత్రధారుడు తానే వెళ్లి యామెను బిలిచెను. అది మొదలు ప్రతిసాయంకాలము మొదటిమాట యామెదే యను నియమము చేసికొనిరి. ఆమె యిప్పుడును ఆడుచున్నది.

మీ పిల్లలు పాచికలతో గూర్చుండినపుడు కాలము వ్యర్థమగుచున్నదని కసరుటకు ముందు, క్షణకాలము చెంత నిలిచి వినుడు. అందరును మాటలాడుచున్నారా, ఒకరే మాటలాడుచున్నారా యని గమనింపుడు. ఊరకున్నబిడ్డ కనబడినచో, “నీవేమి చేయుదువమ్మా?” యని యొక్కమాట యడుగుడు.