మోటారు కాలితే రాగి గురించే అడుగుతాం, ఇనుము గురించి ఎవరూ అడగరు

పోయిన వేసవిలో మన సంఘం హాలులో నీళ్ళ మోటారు కాలిపోయిన సంగతి కోయంబత్తూరు సభ్యులకు తెలుసు. సంపులోంచి పై ట్యాంకుకు నీళ్ళెక్కించే 2 హెచ్‌పీ మోనోబ్లాక్ అది. మూడు చోట్ల కొటేషన్లు తీసుకుని, తక్కువ చెప్పిన చోట రీవైండింగుకు ఇచ్చింది నేనే. కొత్త రాగి తీగ చుట్టారు, బిల్లు సరిగ్గా ఉంది, మోటారు తిరిగింది. కానీ పావుగంట నడిచేసరికి దాని మీద చెయ్యి పెట్టలేకపోయేవాళ్ళం. నలభై రోజులకు మళ్ళీ కాలింది. రెండోసారి విప్పిన పెద్దాయన తీగ వైపు చూడనేలేదు. లోపలి ఇనుప రేకుల కట్ట చూసి, "దీన్ని మంటలో వేసి కాల్చారు సార్, రేకు చచ్చిపోయింది" అన్నాడు. సంఘం డబ్బు రెండుసార్లు పోయింది. రేకు చావడమేమిటని జనరల్ బాడీలో అడిగిన వారికి ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతాను.

నేను ఇంజనీరును కాను. ఒక మోటారు కంపెనీ స్టోర్సులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాను. స్టాంపింగుల లారీలు దింపించుకుని మందం, గ్రేడు రిజిస్టరులో ఎక్కించిన చేతులివి. ఆ అంకెల అర్థం మాత్రం రిటైరయ్యాకే తెలుసుకున్నాను.

మోటారులో గాని, ట్రాన్స్‌ఫార్మరులో గాని రాగి తీగ ఇనుము చుట్టూ ఉంటుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది కనుక, ఆ ఇనుము కూడా సెకనుకు 50 సార్లు ఒక వైపు అయస్కాంతమై, మళ్ళీ ఎదురు వైపుకు తిరగాలి. ఇలా తిప్పడానికి కొంత శక్తి ఖర్చవుతుంది. సులువుగా తిరిగే ఇనుమునే మెత్తని అయస్కాంత ఉక్కు అంటారు. తాకితే మెత్తగా ఉంటుందని కాదు, అయస్కాంత గుణాన్ని పట్టుకుని వేలాడదని అర్థం. రెండో ఖర్చు ఇంకోటి ఉంది. ఇనుము కూడా కరెంటును పోనిస్తుంది కదా, అందువల్ల దాని లోపలే నీటి సుడుల్లాగా కరెంటు తిరిగి, ఊరికే వేడెక్కిస్తుంది. అందుకే ఒకే దిమ్మగా కాకుండా పలుచని రేకులు పేర్చి, రేకుకూ రేకుకూ మధ్య సన్నని పూత వేస్తారు. మందం సగం చేస్తే ఈ సుడుల నష్టం దాదాపు నాలుగో వంతుకు దిగుతుంది.

మా స్టోర్సులో 0.50 మిల్లీమీటర్ల రేకు ఒక ధర, 0.35 రేకు ఇంకో ధర. అరమిల్లీ కూడా లేని తేడాకు అంత డబ్బా అని పర్చేజు వాళ్ళతో వాదించిన రోజులున్నాయి. వాళ్ళు చెప్పిందే రైటు.

మొదట్లో మామూలు ఇనుప రేకులే వాడేవారు. అవి వాడే కొద్దీ నష్టం పెరిగేది కూడా. 1900 ప్రాంతంలో ఇంగ్లండులోని షెఫీల్డుకు చెందిన రాబర్ట్ హాడ్‌ఫీల్డ్, ఆయనతో పనిచేసినవారు ఇనుములో కాస్త సిలికాన్ కలిపి చూశారు. మూడు శాతం కలిపితే సుడి కరెంటుకు అడ్డు నాలుగైదు రెట్లు పెరుగుతుంది. మరి పది శాతం కలపరాదా అంటే కుదరదు, మూడున్నర దాటితే రేకు అప్పడంలా విరుగుతుంది, మిల్లులో సాగదు. 6.5 శాతం రేకును జపాను వాళ్ళు వేరే దారిలో తయారు చేశారు. మామూలు రేకును ముందే పలుచగా సాగదీసి, తరువాత సిలికాన్ ఉన్న ఆవిరిని దానిలోకి ఎక్కించారు. ఆ రేకు దాదాపు గుంజుకోదు, అందువల్ల దానితో చేసిన ట్రాన్స్‌ఫార్మరు గుయ్యిమనడం బాగా తక్కువ. మన వీధి ట్రాన్స్‌ఫార్మరు చేసే ఆ మోత రేకులు సెకనుకు 100 సార్లు సాగి ముడుచుకోవడం వల్లే.

1934లో అమెరికాలో నార్మన్ గాస్ ఇంకో సంగతి కనిపెట్టి పేటెంటు పొందాడు. రేకును చల్లగా సాగదీసి, సరిగ్గా కాలిస్తే లోపలి స్ఫటికాలన్నీ ఒకే దిక్కుకు తిరుగుతాయి, చెక్కలో నార లాగా. ఆ దిక్కులో అయస్కాంతం చాలా సులువుగా పారుతుంది. ట్రాన్స్‌ఫార్మరులో పారే దిక్కు ఒక్కటే కనుక దానికి ఇది వరం. దాన్నే సీఆర్‌జీవో అంటారు. మోటారులో దిక్కు తిరుగుతూ ఉంటుంది కనుక అన్ని వైపులా సమానంగా ఉండే సీఆర్‌ఎన్‌వో కావాలి. మా స్టోర్సుకు వచ్చేది ఇదే.

ఇదంతా మనకెందుకంటే, ఒక చిన్న గుమాస్తా లెక్క చూడండి. వీధి ట్రాన్స్‌ఫార్మరు ఇనుము ఊళ్ళో ఒక్క బల్బు వెలగకపోయినా శక్తిని తింటూనే ఉంటుంది. అది 200 వాట్లనుకుందాం. ఏడాదికి 8,760 గంటలు, అంటే 1,752 యూనిట్లు. అది ఒక్క ట్రాన్స్‌ఫార్మరుకే, ఊరంతటికీ మీరే గుణించుకోండి. ఇప్పుడు గాజులాంటి అమార్ఫస్ రేకు వచ్చింది. కరిగిన లోహాన్ని సెకనుకు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లబరిచి, 0.025 మిల్లీమీటర్ల పలుచని నాడాగా తీస్తారు. ఖాళీగా ఉన్నప్పటి నష్టం సీఆర్‌జీవోలో మూడో వంతుకు దగ్గరగా వస్తుంది. అయితే అంత బలంగా అయస్కాంతం కాదు కనుక పెట్టె పెద్దదవుతుంది, పెళుసు కూడా. కరెంటు కార్లలో మోటారు కరెంటు సెకనుకు వందల సార్లు ఊగుతుంది, అందుకని 0.25, 0.30 రేకుల కోసం మిల్లులు పోటీ పడుతున్నాయి.

మనవాళ్ళున్న ఊళ్ళకూ ఈ రేకుకూ సంబంధముంది. రూర్కెలా ఉక్కు కర్మాగారంలో సిలికాన్ స్టీలు మిల్లు ఉంది. నాసిక్‌లో సీఆర్‌జీవో తయారయ్యే ఫ్యాక్టరీని 2025లో జేఎస్‌డబ్ల్యూ, జపాను జేఎఫ్‌ఈ కలిసిన కంపెనీ తీసుకుంది. ఆ రెండే కలిసి బళ్ళారి జిల్లాలో కొత్త మిల్లు పెడుతున్నాయి. ఇక మా కోయంబత్తూరులో 1937లో జి.డి.నాయుడు గారు, డి.బాలసుందరం నాయుడు గారు దేశంలో తొలి మోటారు తయారు చేశారని పెద్దలు గర్వంగా చెబుతారు. నేడు మన దేశంలో సీఆర్‌జీవో చాలావరకు బయటి నుంచే వస్తోంది.

ఇక రేకు ఎలా చచ్చిందో చెబుతాను. పాత తీగ వార్నిష్‌తో బిగుసుకుని ఉంటుంది, దాన్ని మెత్తబరచి లాగడానికి కాలుస్తారు. వేడి అదుపు చేసే ఓవెన్‌లో రేకు సుమారు 360, 370 డిగ్రీలు దాటకుండా కాల్చాలి. కట్టెల మంట, గ్యాసు మంట ఆ లెక్క ఎరగవు. రేకుల మధ్య పూత మాడిపోతుంది, రేకులు ఒకదానికొకటి అంటుకుంటాయి. కంపెనీ వాళ్ళు డబ్బు పెట్టి విడదీసిన సుడి కరెంటు మళ్ళీ దిమ్మలో తిరిగినట్టే. కొత్త రాగి ఎంత వేసినా ఇనుము వేడిని కక్కుతుంది, ఆ వేడికి రాగి మీది ఇన్సులేషన్ పాడవుతుంది.

కాబట్టి మీ ఇంటి మోటారు రీవైండింగుకిచ్చే ముందు "పాత తీగ ఎలా తీస్తారు?" అని ఒక్క మాట అడగండి. ఓవెన్ ఉందా, లేక పెరట్లో మంటా అని. తెచ్చాక టాంగ్ టెస్టరుతో ఆంప్స్ చూసి, మునుపటి అంకెతో పోల్చండి. అరగంట నడిపి తాకి చూడండి, ఎందుకంటే ఆంప్స్ కొంచెమే పెరిగినా వేడి మాత్రం దాగదు.

హాలుకు ఈసారి కొత్త మోటారే కొన్నాం. పంపు గది తలుపు వెనక ఒక నోటుపుస్తకం వేలాడదీశాను. ప్రతి నెలా మొదటి ఆదివారం ఆంప్స్ రాయడం వాచ్‌మన్ పని, సంతకం పెట్టడం నా పని.