మారుపేరు, మస్టరు నంబరు, మేనరికం

గోదావరిఖనిలో ఏ బొగ్గుబాయి టైం ఆఫీసుకు వెళ్లినా ఒక పెద్ద రిజిస్టరు ఉంటుంది. కార్మికులు దాన్ని బీ-ఫారం అంటారు. గనుల చట్టం ప్రకారం పనిలో చేరిన ప్రతి మనిషి వివరాలూ అందులో ఒక వరుసలో ఎక్కాలి. పేరు, తండ్రి పేరు, వయసు, సొంత ఊరు, చేసే పని, చేరిన తేదీ, చివర సంతకమో వేలిముద్రో ఉంటాయి. బడి మొహం చూడని మనిషి తన గురించి తాను సర్కారు కాగితం మీద మొదటిసారి చెప్పుకున్న నాలుగు ముక్కలు చాలాసార్లు అవే. తాత ఎవరు, ముత్తాత ఎక్కడివాడు అని వెతికే బొగ్గుబాయి కుటుంబం ఈ ఒక్క వరుస దగ్గర మొదలుపెడితే దారి దొరుకుతుంది. కాకపోతే ఆ వరుసను చదవడం తెలియాలి.

ఎందుకంటే ఈ పట్టణంలో పాత ఇల్లంటూ ఎవరికీ లేదు. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. 1920ల చివర బెల్లంపల్లి, ఆ తర్వాత కొత్తగూడెం వచ్చాయి. గోదావరి ఒడ్డున రామగుండం బాయిలు తెరుచుకునేసరికి 1960లు వచ్చేశాయి. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్, ఖమ్మం పల్లెల నుంచి వచ్చినవాళ్లు, బెల్లంపల్లి నుంచో కొత్తగూడెం నుంచో బదిలీ మీద వచ్చినవాళ్లు కలిసి ఊరయ్యారు. అంటే గోదావరిఖనిలో పుట్టిన మూడో తరం పిల్లకు తాత రికార్డు ఇంకో గని ప్రాంతంలో, ముత్తాత రికార్డు ఇంకో జిల్లా పల్లెలో దొరుకుతుంది. అన్న దుబాయిలో, చిన్నాన్న కొడుకు డాలస్‌లో ఉంటే ఆ వెతుకులాట ఇంకా విస్తరిస్తుంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు మారుపేరు. సింగరేణి బొగ్గుగనుల ప్రాంతంలో ఈ మాట తెలియని ఇల్లుండదు. పిలుపు కాగితం ఒకరి పేరున వస్తుంది. ఆయన బాయిలోకి దిగడానికి భయపడితే తమ్ముడో బామ్మర్దో దాన్ని పట్టుకుని వెళ్లి బదిలీ ఫిల్లర్‌గా, అంటే బొగ్గు నింపే తాత్కాలిక కార్మికుడిగా చేరతాడు. ఆ రోజు నుంచి అలా చేరిన మనిషికి ఊళ్లో ఒక పేరు, బాయిలో ఒక పేరు. ముప్పై ఏళ్లు ఆ పేరుతోనే మస్టరు పడుతుంది, జీతం వస్తుంది, ప్రావిడెంట్ ఫండ్ కడతారు. ఆయన అన్‌ఫిట్ అయ్యాకో చనిపోయాకో కొడుకు డిపెండెంట్ ఉద్యోగానికి వెళ్లినప్పుడు కథ బయటపడుతుంది. కొడుకు పదో తరగతి సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ఒకటి, బీ-ఫారంలో ఇంకొకటి. కార్మిక సంఘాలు దీన్ని పరిష్కరించాలని ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నాయి. కూటి కోసం పెట్టుకున్న పేరును మోసంగా చూడడం నాకు అన్యాయమనిపిస్తుంది. వంశం వెతికే మనవరాలికి మాత్రం ఇది గట్టి ముడి. బావ పేరుతో చేరిన మనిషికి ఇంటిపేరు, తండ్రి పేరు, ఒక్కోసారి ఊరు కూడా మారిపోయి ఉంటాయి.

ఈ ముడి విప్పడానికి రెండు సాధనాలున్నాయి. ఒకటి నంబరు. పేరు మారవచ్చు, మనిషికిచ్చిన ఉద్యోగి నంబరూ, బొగ్గుగనుల ప్రావిడెంట్ ఫండ్ (సీఎంపీఎఫ్) నంబరూ మాత్రం చివరిదాకా అంటిపెట్టుకుని వస్తాయి. ఈ ఫండ్ చట్టం 1948 నాటిది. ఆ ఖాతాకు జతచేసిన నామినీ పత్రంలో భార్యాపిల్లల పేర్లుంటాయి. మారుపేరుతో ఉన్న మనిషి కూడా తన డబ్బు తన భార్యకే చేరాలనుకుంటాడు కాబట్టి ఆ పత్రంలో అసలు కుటుంబం కనపడే అవకాశం ఎక్కువ. రెండోది వేలిముద్ర. 1897లో కలకత్తాలో ప్రపంచంలోనే తొలి వేలిముద్రల కార్యాలయం మొదలైంది. ఆ ముద్రల వర్గీకరణకు వెనక అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే ఇద్దరు భారతీయుల కృషి ఉంది. తల్లి కడుపులో ఉండగానే ఏర్పడే ఆ గీతలు బతికున్నంత కాలం మారవు. మనిషి ఊళ్లో భూమి కొన్నా అమ్మినా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వేలిముద్ర పడుతుంది. బాయిలో ఒక పేరు కింద, భూమి కాగితంలో ఇంకో పేరు కింద ఉన్న రెండు ముద్రల్లో గీతలు విడిపోయే చోట్లు, ఆగిపోయే చోట్లు కలిస్తే ఆ ఇద్దరూ ఒక్కరే. సిరా అలుక్కుపోయిన పాత ముద్రలతో నిపుణులకు కూడా కష్టమే అనుకోండి.

పేరు కన్నా నంబరు నమ్మకమన్న సంగతి సముద్రాలు దాటిన తెలుగువాళ్ల వారసులకు ముందే తెలుసు. మద్రాసు నుంచి బయల్దేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబర్ 16న ఇప్పటి దక్షిణాఫ్రికాలోని డర్బన్ చేరింది. అప్పటి నుంచి 1911 దాకా ఒప్పంద కూలీలుగా నేటాల్ వెళ్లిన భారతీయులు లక్షా 52 వేల మంది. వాళ్లలో విశాఖపట్నం, గంజాం, గోదావరి, నెల్లూరు ప్రాంతాల తెలుగువాళ్లు చాలామంది. ఓడ జాబితాలో ఒక్కో మనిషికి ఒక్కో వరుస ఉంటుంది. నంబరు, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటి మీద గుర్తులు అందులో రాశారు. మన బీ-ఫారంతో పక్కపక్కన పెట్టి చూస్తే గడులు దాదాపు ఒకటే. మద్రాసు గుమాస్తా చెవికి వినపడ్డట్టు ఇంగ్లీషులో రాసిన తెలుగు పేరు రెండు తరాల్లో గుర్తుపట్టలేనంతగా మారిపోయింది. కానీ ఆ నంబరు ఆ మనిషి పెళ్లి కాగితంలోనూ పిల్లల పుట్టుక కాగితంలోనూ కనిపిస్తుంది. ఇప్పుడు డర్బన్‌లో ఉన్న ఐదో తరం నాయుడు ఆ నంబరు పట్టుకుని ఊరి పేరు దాకా వెనక్కి రాగలడు. మారిషస్‌కు వెళ్లిన కూలీల అలాంటి రిజిస్టర్లను అక్కడి మహాత్మాగాంధీ సంస్థ భద్రపరిచింది. వాటిలో కొన్నిటికి ఫోటోలు కూడా ఉన్నాయి.

బర్మా వెళ్లినవాళ్ల వారసులకు అంత అదృష్టం లేదు. రంగూన్‌కు కూలీలను మేస్త్రీలు తీసుకుపోయేవారు. ఒప్పందపు రిజిస్టరు లేదు, నంబరూ లేదు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు నడిచి పారిపోయి వచ్చినవాళ్లలో చాలామంది దగ్గర కాగితమేదీ మిగల్లేదు.

ఇక పల్లెకు వెళ్దాం. తెలంగాణలో భూమి చరిత్రకు ఆధారం 1954-55 నాటి కాస్రా పహాణీ. దానికి వెనక నిజాం కాలపు భూమి రిజిస్టరు సేత్వార్, ఉర్దూలో ఉంటుంది. పట్టాదారు పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు దొరుకుతాయి. అయితే పహాణీలో పేరుండాలంటే భూమి ఉండాలి. గుంట భూమి లేక, వెట్టిచాకిరి భరించలేక బాయిపనికి వచ్చిన దళిత కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో. వాళ్ల తాతల పేర్లు పహాణీలో ఉండవు.

వాళ్ల పేర్లు పాటలో ఉన్నాయి. మాదిగల వంశాలను డక్కలివాళ్లు తరతరాలుగా గుర్తుపెట్టుకున్నారు. ఊరూరూ తిరిగి పటం విప్పి జాంబపురాణం చెప్పి, ఆ ఊళ్లో ఏ ఇంటిపేరువాళ్లు ఎవరి సంతతో వినిపించి తమకు రావలసిన త్యాగం, అంటే కానుక తీసుకునేవారు. 2022లో పద్మశ్రీ అందుకున్న కిన్నెర మొగులయ్య ఆ కులంవారే. పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందహెచ్చులవాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, ఆదిలాబాద్ గోండులకు తోటీలు ఈ పని చేశారు. వీళ్ల జ్ఞాపకం ఏడెనిమిది తరాలు పోయేసరికి పురాణంలో కలిసిపోతుంది, నిజమే. కానీ దగ్గరి తరాల్లో ఎవరు ఏ ఊరి నుంచి ఏ ఊరికి కదిలారన్నది చెప్పడంలో వాళ్లు గట్టివాళ్లు. పల్లెల్లో ఆ కళాకారులు ముసలివాళ్లయిపోతున్నారు. విశ్వవిద్యాలయాలు పురాణాన్ని రికార్డు చేసినంత శ్రద్ధగా ఆ ఇంటిపేర్ల చిట్టాలను కూడా రికార్డు చేయాలని నా కోరిక.

కాగితమూ పాటా ఆగిపోయిన చోట డీఎన్ఏ సాయం వస్తుంది. మగవాళ్లలో ఉండే వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి దాదాపు మార్పు లేకుండా వెళ్తుంది. మారుపేరు దాన్ని తాకలేదు. బాయిలో బావ ఇంటిపేరు మోసిన తాత మనవడికీ, ఊళ్లో అసలు ఇంటిపేరుతోనే మిగిలిన తాత అన్నదమ్ముల మనవళ్లకూ వై క్రోమోజోమ్ కలవాలి. తల్లివైపు జాడ మైటోకాండ్రియాలో ఉంటుంది. 16,569 అక్షరాల ఆ చిన్న డీఎన్ఏ తల్లి నుంచే పిల్లలందరికీ వస్తుంది, కూతుళ్ల ద్వారానే ముందుకు పోతుంది. కాగితాల్లో ఆడవాళ్ల పుట్టింటి పేరు దాదాపు కనపడదు కాబట్టి దీనికి విలువెక్కువ. కానీ ఇది చాలా నెమ్మదిగా మారుతుంది. ఇద్దరికి కలిసిందంటే ఉమ్మడి అమ్మమ్మ వంద ఏళ్ల కిందటిదీ కావచ్చు, వేల ఏళ్ల కిందటిదీ కావచ్చు.

మిగతా డీఎన్ఏ అంతా తల్లిదండ్రుల నుంచి సగం సగం వస్తుంది. ప్రతి తరంలోనూ ముక్కలై, కలిసి, మళ్లీ పంచుకుంటుంది. పది తరాలు వెనక్కి పోతే లెక్క ప్రకారం మనకు 1,024 మంది పూర్వీకులు. వాళ్లలో దాదాపు సగం మంది నుంచి మన ఒంట్లో ఒక్క ముక్క కూడా మిగిలి ఉండదు. వాళ్లు నిజంగా మన పూర్వీకులే అయినా పరీక్షకు కనపడరు.

అసలు ఆ 1,024 కూడా మన ఇళ్లలో నిజం కాదు. మేనమామ కూతుర్ని చేసుకున్న దంపతుల బిడ్డకు ముత్తాతలూ ముత్తవ్వలూ కలిపి ఎనిమిది మంది ఉండాల్సింది ఆరుగురే ఉంటారు, ఒక జంట రెండు వైపులా లెక్కకొస్తుంది కాబట్టి. ఇంకో మామూలు సంగతి చూడండి. అన్నదమ్ములిద్దరు అక్కచెల్లెళ్లిద్దరిని చేసుకుంటారు. వాళ్ల పిల్లలు మామూలు పెదనాన్న, చిన్నాన్న పిల్లల్లా సుమారు 12.5 శాతం కాదు, 25 శాతం డీఎన్ఏ పంచుకుంటారు. సవతి అన్నదమ్ములు పంచుకునేదీ, మేనమామ మేనకోడలు పంచుకునేదీ అంతే. డీఎన్ఏ పరీక్షలు చేసే అమెరికా కంపెనీ కంప్యూటర్ ఆ అంకె చూసి ఇద్దరూ సవతి తోబుట్టువులు కావచ్చని చూపిస్తే డాలస్‌లో ఉన్న పిల్ల రాత్రికి రాత్రి ఇంటికి ఫోన్ చేసి కంగారు పెట్టగలదు. అలాంటి ఫలితం వచ్చినప్పుడు ముందుగా అడగాల్సింది ఆ ఇంట్లో ఎవరు ఎవరిని చేసుకున్నారని.

దీని వెనక ఇంకా లోతైన చరిత్ర ఉంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ పరిశోధనా సంస్థలో లాల్జీ సింగ్, తంగరాజ్, అమెరికాలో డేవిడ్ రైక్ కలిసి 2009లో ప్రచురించిన అధ్యయనం మన సమాజంలో ఒకే కులంలో పెళ్లిళ్లు ఎంత పాతవో చూపించింది. ఆంధ్రప్రాంత వైశ్యుల డీఎన్ఏలో సుమారు వంద తరాల కిందటి నుంచీ బయటివాళ్లు పెద్దగా కలవని జాడలున్నాయి. అందుకే మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి వాడే ఒక మందు వాళ్లలో కొందరికి సరిపడదు, దాన్ని విడగొట్టే ఎంజైమ్ లోపం ఆ కులంలో ఎక్కువ. వంశం వెతికేవాళ్లకు దీనితో ఒక పాఠం ఉంది. అలాంటి కులంలో పుట్టినవాళ్లు పరీక్ష చేయించుకుంటే వందలమంది దూరపు చుట్టాలుగా తేలతారు. వాళ్లు దగ్గరివాళ్లో కాదో చెప్పేది మొత్తం శాతం కన్నా ముక్కల పొడవు. కొన్ని పొడవాటి ముక్కలు కలిస్తే ఉమ్మడి తాత దగ్గరి తరంలో ఉన్నాడు. చిన్న చిన్న ముక్కలు చాలా కలిస్తే అది కులం పాత జ్ఞాపకం.

పరీక్షకు ఉమ్మి పంపేముందు ఒక్క మాట. ఒకరి డీఎన్ఏతో మేనత్తలు, చిన్నాన్నలు, వాళ్ల పిల్లల గుట్టు కూడా కొంత బయటపడుతుంది. లక్షలమంది నమూనాలున్న 23అండ్‌మీ కంపెనీలో 2023లో సమాచారం లీకైంది, 2025 మార్చిలో అది దివాలా పిటిషన్ వేసింది. కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లతో మాట్లాడకుండా పరీక్షకు పోకూడదు.

మాట్లాడాల్సింది ఇప్పుడే. 1960ల్లో ఇరవై ఏళ్ల కుర్రవాడిగా దిగిన కార్మికుడికి ఇప్పుడు ఎనభై దాటాయి, లేదా దగ్గరపడ్డాయి. యైటింక్లైన్ కాలనీలోనో లక్ష్మీనగర్‌లోనో అలాంటి తాత ఉంటే మొదట ఏ బాయిలో చేరాడో, ఎవరు తీసుకొచ్చారో, కాగితం ఎవరి పేరున ఉందో అడగండి. ఉద్యోగి నంబరు రాసుకోండి. అవ్వను ఆమె పుట్టింటి ఊరు, ఇంటిపేరు, వాళ్లమ్మ పుట్టింటి ఊరు అడగండి. ఆ ఊరికి వంశం చెప్పడానికి ఎవరు వచ్చేవారో కూడా అడగండి, వాళ్ల సంతతి ఇప్పుడు ఏ మండలంలో ఉందో ఆమెకు తెలిసే అవకాశం ఉంది.