పుస్తకమునకు కుట్టు

మనము చదువు పుస్తకమునకు 'గ్రంథము' అను పేరు కూడ కలదు. ఆ సంస్కృత పదమునకు కట్టుట, కూర్చుట అని మొదటి అర్థము. ముడికి 'గ్రంథి' అను పేరును ఆ ధాతువునుండియే వచ్చినది. కావున పేరునుబట్టి చూచినచో, వ్రాసిన ఆకులన్నియు గ్రంథము కావు. విడిపోకుండ కూర్చిన ఆకులే గ్రంథము. ఆకులను కూర్చునది దారము. ఆ దారపు పనిని మనము ఇంటివద్దనే నేర్చుకొనవచ్చును.

పూర్వము మన దేశమున తాటియాకులపై గంటముతో వ్రాసెడివారు. ఆకులకు రంధ్రములు చేసి, వాటి గుండ త్రాడు దూర్చి, పైనను క్రిందను చెక్కపలకలుంచి కట్టెడివారు. త్రాడు తెగినచో ఆకులు చెల్లాచెదరగును. ఆకుల వరుస తప్పకుండుటకు లేఖకులు వాటిపై సంఖ్యలు వేసెడివారు. కాని సంఖ్య వరుసను తెలుపునే గాని, పోయిన ఆకును తెచ్చి ఈయలేదు. ఒక్క యాకు పోయినచో అందలి పద్యములును పోయినట్లే. వేరొక ప్రతి దొరకినగాని అవి మరల రావు.

ఈ నష్టమును బాగుగా గుర్తించినవారిలో చార్లెస్ ఫిలిప్ బ్రౌను (1798-1884) ఒకడు. అతడు కడపలో పండితులను, లేఖకులను నియమించి, తెలుగు తాళపత్రములను సేకరించి, ప్రతులను ఒకదానితో నొకటి సరిచూపించి, కాగితములపై తిరుగ వ్రాయించెను. అతడు కూర్చిన ప్రతులు పెక్కులు నేడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయమున భద్రముగా నున్నవి.

తాటియాకు మడతకు లొంగదు, కాగితము లొంగును. ఇదియే పుస్తక నిర్మాణమున గొప్ప మార్పునకు కారణమైనది. కాగితమును గాని, పలుచని చర్మపత్రమును గాని నడుమకు మడచి, ఆ మడతలోనుండి దారము పోనిచ్చి కుట్టినచో, రెండాకులు ఒకే ముక్కగా నిలుచును. ఇట్టి కుట్టునకు ఎంత బలము కలదో తెలుపుటకు ఒక నిదర్శనము చాలును. ఇంగ్లండు ఉత్తరభాగమున ఎనిమిదవ శతాబ్దపు తొలి దినములలో తయారైన 'సెయింట్ కత్‌బర్టు సువార్త' అను చిన్న గ్రంథము 1104లో డర్హమునందు ఒక శవపేటికలో దొరకినది. బ్రిటిషు లైబ్రరీ దానిని 2012లో కొనెను. దాని మొదటి కుట్టును, తోలు అట్టయు నేటికిని నిలిచియున్నవి. పన్నెండు వందల యేండ్లకు పైగా దారము తన పనిని మానలేదు.

మీ పాఠ్యపుస్తకమును చేతబట్టి, దాని వెన్నును పైనుండి పరికింపుడు. అందు చిన్న చిన్న మడతలు వరుసగా కనబడినచో అది కుట్టిన పుస్తకము కావచ్చును. మడతలు లేక, విడి ఆకుల అంచులు జిగురులో అంటుకొనియున్నచో అది అంటించిన పుస్తకము. అట్టి పుస్తకమున ఒక్కొక్క ఆకును పట్టియుంచునది సన్నని అంచు మాత్రమే. కాలక్రమమున జిగురు ఎండి బిరుసెక్కును. పుస్తకమును గట్టిగా తెరచినపుడు అది పగులును, ఆకులు రాలును. కుట్టిన పుస్తకమున భారమంతయు దారము వహించును. జిగురు వెన్ను ఆకారమును నిలుపుటకు మాత్రమే తోడ్పడును.

ఇక పనిలో ప్రవేశింతము. 21 సెంటీమీటర్ల ఎత్తు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల కాగితములు 24 తీసికొనుడు. గట్టి నూలుదారము, సూది, దబ్బనము, కొంచెము తేనెమైనము, ఒక సెంటీమీటరు వెడల్పు గల నాడాముక్కలు రెండు, గట్టి అట్టలు రెండు, నేతగుడ్డ, మైదాపిండి జిగురు కావలెను. జిగురును కావలసినంత మట్టుకు అప్పటికప్పుడు కాచుకొనుట మంచిది. పురుగు పట్టకుండుటకై కొందరు అందు మైలుతుత్తము కలుపుదురు. అది విషము, ఇంటిలో చేయు పనికి తగదు.

కాగితమునకును ఒక దిక్కు కలదు. యంత్రముపై చేసిన కాగితమున పీచు ఎక్కువగా ఒక వైపునకు పరుండియుండును. ఒక ముక్కను నిలువుగను, అడ్డముగను చింపి చూడుడు. ఏ వైపున తిన్నగా చినుగునో అది పీచు దిక్కు. మడత ఆ దిక్కున పడినచో పుస్తకము చక్కగా తెరచుకొనును; అడ్డముగా పడినచో ఆకులు బిరుసుగా లేచి నిలుచును. కావున ఇది చూచి కాగితము కోయించుకొనుట మేలు.

నాలుగేసి కాగితములను ఒకదానిలో నొకటి చేర్చి నడుమకు మడువుడు. అచ్చుకూటములలో ఇట్టి మడతను ఫారమందురు. ఇట్లు ఆరు ఫారములగును. ఒక్కొక్కదానిలో ఎనిమిది ఆకులు, పదునారు పుటలు ఉండును. ప్రతి ఫారమును తెరచి, మడత గీతపై ఒక చివరనుండి 1.5, 6, 7, 14, 15, 19.5 సెంటీమీటర్ల దూరమున గుర్తులు పెట్టి, దబ్బనముతో లోపలనుండి వెలుపలికి రంధ్రములు చేయుడు. అన్ని ఫారములలోను రంధ్రములు ఒకే వరుసకు రావలెను. ఇచ్చట తొందరపడినవారి పుస్తకము చివరకు వంకరగా నిలుచును.

మీటరున్నర దారమును తీసి మైనముపై రెండు మూడు మారులు లాగుడు; అపుడది చిక్కుపడదు, జారదు. మొదటి ఫారమున మొదటి రంధ్రమునుండి సూదిని లోనికి పంపి, దారపు కొనను ఒక జానెడు వెలుపల విడువుడు. రెండవ రంధ్రమున వెలుపలికి వచ్చి, నాడామీదుగా దాటి, మూడవ రంధ్రమున లోనికి పోవుడు. నాలుగవ రంధ్రమున వెలుపలికి వచ్చి, రెండవ నాడామీదుగా దాటి, ఐదవ దానిలో ప్రవేశించి, ఆరవ దానినుండి వెలువడుడు. దానిపై రెండవ ఫారమునుంచి, దాని ఆరవ రంధ్రమున ప్రవేశించి, అదే రీతిని వెనుకకు కుట్టుచు మొదటి రంధ్రమునకు రండు. అచ్చట విడిచిన కొనతో రెండు ముళ్లు వేయుడు.

మూడవ ఫారమునుండి ఒక విశేషము కలదు. దాని చివరకు వచ్చినపుడు, క్రింది రెండు ఫారములను కలిపిన దారము వెనుకకు సూదిని దూర్చి, ఏర్పడిన ఉచ్చులోనుండి పైకి లాగి బిగింపవలెను. ఈ ముడియే ఫారమును ఫారముతో బంధించును. తరువాత చివరవరకు ఇదే పద్ధతి. దారమును ఎల్లప్పుడు మడత వెంబడి లాగవలెను. మడతకు అడ్డముగా లాగినచో రంధ్రము చినుగును. మిక్కిలి బిగువు కాగితమును కోయును. మిక్కిలి వదులు ఆకులను ఆడనిచ్చును.

కుట్టు ముగిసిన పిదప ఫారములను సరిచేసి, వెన్నునకు పలుచగా జిగురు పూసి, ఇరుప్రక్కల రెండేసి సెంటీమీటర్లు మిగులునట్లు పలుచని గుడ్డపట్టీని అంటింపుడు. అట్టల ఎత్తు పుటకంటె 6 మిల్లీమీటర్లు ఎక్కువగను, వెడల్పు 3 మిల్లీమీటర్లు తక్కువగను ఉండవలెను. రెండట్టల నడుమ వెన్ను మందమును, దానిపై మరి 12 మిల్లీమీటర్లును ఖాళీ విడిచి, వాటిని నేతగుడ్డపై అంటించి, అంచులను లోనికి మడువుడు. నాడాకొనలను, గుడ్డపట్టీని అట్టల లోపల అంటించి, వాటిపై మొదటి ఆకును, చివరి ఆకును జిగురుతో కప్పుడు. తడి లోని పుటలకు అంటకుండ నడుమ పొడి కాగితములుంచి, రాత్రియంతయు బరువు క్రింద నుంచుడు.

ఈ పనిని తెల్లకాగితములపైననే మొదట నేర్చుకొనవలెను. ఇంటిలోని ప్రాత గ్రంథములను, వ్రాతప్రతులను పనివాని వద్దకు చేర్చుటయే మేలు. చినిగిన ఆకులకు మెరయు జిగురు పట్టీలు అంటింపరాదు. వాటి జిగురు కొన్నియేండ్లకు పసుపుబారి అక్షరములను చెరచును.

అట్లు మీరు కుట్టిన తెల్ల పుస్తకమున నేమి వ్రాయుదురు? ప్రతి యింటను అమ్మమ్మయో, తాతయ్యయో చెప్పు పాటలు, సామెతలు, పొడుపుకథలు, ఊరి సంగతులు కొన్ని యుండును. అవి ఏ ప్రతిలోను లేనివి. ఆకు పోయినచో వేరొక ప్రతిని వెదకవచ్చును. చెప్పువారు పోయినచో వెదకుటకు చోటు లేదు. వారి ప్రక్కన కూర్చుండి, మొదటి పుటను నేడే వ్రాయ మొదలిడుడు.