మదనపల్లెలో పట్టుబడ్డ దగ్గు

మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం ఒకప్పుడు దక్షిణాదిలో పేరుమోసిన క్షయ శానిటోరియం. అక్కడికి వచ్చే రోగుల్లో కొందరి తీరు డాక్టర్లకు అంతుబట్టేది కాదు. దగ్గు ఉంది, అదీ రాత్రిపూట మరీ ఎక్కువ. జ్వరం వచ్చి పోతోంది. మనిషి చిక్కిపోతున్నాడు. ఎక్స్‌రే తీస్తే రెండు ఊపిరితిత్తుల నిండా ఆవగింజలు చల్లినట్టు చుక్కలు. ఆ రోజుల్లో ఇవన్నీ ఒకచోట కనిపిస్తే ఏ డాక్టరైనా చెప్పే పేరు క్షయే. కానీ కళ్లె పరీక్షలో క్షయ క్రిమి దొరికేది కాదు.

ఆచూకీ రక్తంలో దొరికింది. తెల్లకణాల్లో నూటికి అయిదారు మించి ఉండని ఇస్నోఫిల్స్ అనే రకం వీళ్లలో విపరీతంగా పెరిగిపోయి ఉన్నాయి. డెన్మార్క్ నుంచి వచ్చి ఆ శానిటోరియాన్ని నడిపిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రీమట్ మోలర్, ఆయన సహచరుడు బార్టన్ కలిసి ఈ రోగుల గురించి 1940లో ‘ఇండియన్ మెడికల్ గెజిట్’లో రాశారు. క్షయ వేషం కట్టుకొచ్చిన వేరే జబ్బు ఇది అని తేల్చారు. రవీంద్రుడు జనగణమనను ఇంగ్లిష్‌లోకి మార్చిన ఊరుగా మదనపల్లె మనకు తెలుసు. ఊపిరితిత్తుల జబ్బుల పుస్తకాల్లో ఆ ఊరికి ఇంకో చోటు ఉందన్న సంగతి మాత్రం తెలుగువాళ్లలో ఎంతమందికి తెలుసో అనుమానమే.

మూడేళ్ల తర్వాత, 1943లో వైన్‌గార్టెన్ అనే డాక్టర్ ‘లాన్సెట్’ పత్రికలో ఇలాంటి కేసులనే వివరించి ‘ట్రాపికల్ ఇస్నోఫీలియా’ అని పేరు పెట్టాడు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ‘ఇస్నోఫీలియా’ అని చెప్పుకునే జబ్బు ఇదే. అప్పట్లో దీనికి మందుగా ఇచ్చింది ఆర్సెనిక్! సిఫిలిస్ కోసం వాడే ఆర్సెనిక్ ఇంజెక్షన్లను, ఆ జబ్బు కూడా ఉన్న ఒక రోగికి ఇస్తే దగ్గు, ఆయాసం కూడా తగ్గాయి. అలా అనుకోకుండా దొరికిన వైద్యం అది. దగ్గు తగ్గడానికి ఒంట్లోకి పాషాణం ఎక్కించుకోవాల్సిన రోజులు.

అసలు మందు ఇంకోచోట, ఇంకో జబ్బు కోసం తయారవుతోంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అప్పటికే అమెరికాలో న్యూయార్క్ దగ్గరి పెర్ల్ రివర్‌లో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు నాయకుడు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకింది. మన గోదావరి జిల్లాల్లో, శ్రీకాకుళంలో తరతరాలుగా కాళ్లు వాచేలా చేస్తున్న బోదకాలు జబ్బు అదే. అది తమ సైనికులను పట్టుకునేసరికి అమెరికాకు మందు అవసరం గుర్తుకొచ్చింది.

ప్రయోగాలకు లెడర్లీ బృందం ఎంచుకున్నది కాటన్ ర్యాట్స్ అనే అడవి ఎలుకలను. వాటి ఛాతీలో, ఊపిరితిత్తులకూ పక్కటెముకలకూ మధ్య ఉండే ఖాళీలో ఒక రకం ఫైలేరియా పురుగు కాపురముంటుంది. దాని పిల్లలు రక్తంలో ఈదుతుంటాయి. ఎలుక నుంచి ఒక్క చుక్క రక్తం తీసి, మైక్రోస్కోపు కింద పెట్టి, ఎన్ని పిల్లలున్నాయో లెక్కపెట్టాలి. రసాయనం ఎక్కించి మళ్లీ చుక్క తీయాలి, మళ్లీ లెక్కపెట్టాలి. లెక్క తగ్గకపోతే ఆ రసాయనం పక్కకు, ఇంకోటి ముందుకు. ఇలా వడపోయగా మిగిలింది పిపరజైన్ కుటుంబానికి చెందిన డైఇథైల్‌కార్బమజైన్. సుబ్బారావు, హెవిట్, కుష్నర్ తదితరుల పేర్లతో 1947లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అదే ఏడాది ప్యూర్టోరికోలో రోగుల మీదా పరీక్షించారు. బజారులోకి ‘హెట్రజాన్’ పేరుతో వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. వయసు 53. హెట్రజాన్ ఇస్నోఫీలియాకూ మందని స్థిరపడింది ఆయన పోయాకే. 1950లలో మన దేశంలోనూ, సింగపూర్‌లోనూ డాక్టర్లు ఆ మాత్రలు ఇచ్చి చూస్తే రోజుల్లోనే దగ్గు తెరిపిచ్చింది. దాంతో ఆర్సెనిక్ సూదులు మూలపడ్డాయి.

హెట్రజాన్ వింతేమిటంటే, గాజు గొట్టంలో ఫైలేరియా పిల్లలను ఆ మందు నీళ్లలో వేస్తే వాటికి చీమకుట్టినట్టయినా ఉండదు. హాయిగా ఈదుతాయి. అదే ఒంట్లోకి వెళ్తే నిమిషాల్లో రక్తంలోంచి మాయమవుతాయి. ఈ చిక్కుముడిని విప్పడానికి కూర్చున్నవాళ్లలో లండన్‌లోని ఫ్రాంక్ హాకింగ్ ఒకరు. భౌతికశాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు తండ్రి. మందు పడగానే ఆ పిల్లలు కాలేయంలో చిక్కుకుపోతున్నాయనీ, అక్కడి కణాలు వాటిని మింగేస్తున్నాయనీ ఆయన బృందం చూపించింది. అంటే మందు తనంతట తాను చంపడం లేదు, ఒంటి చేత చంపిస్తోంది. ఎలా అన్నది ఈనాటికీ పూర్తిగా తేలలేదు.

దగ్గుకూ ఫైలేరియాకూ సంబంధం ఏమిటి? ఫైలేరియా సోకిన చాలామంది రక్తాన్ని రాత్రిపూట పరీక్షిస్తే పురుగు పిల్లలు కనిపిస్తాయి. ఇస్నోఫీలియా రోగుల రక్తంలో పగలు చూసినా రాత్రి చూసినా ఒక్కటీ ఉండదు. ఈ పితలాటకానికి జవాబు 1960లో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ నుంచి వచ్చింది. వెబ్, జాబ్, గాల్ట్ అనే ముగ్గురు అలాంటి రోగుల ఊపిరితిత్తుల్లో, కాలేయంలో, లింఫు గ్రంథుల్లో చిక్కుకున్న పురుగు పిల్లలను చూపించారు. ఫైలేరియా సోకినవాళ్లలో నూటికి ఒక్కరికైనా ఈ జబ్బు రాదు. వచ్చేవాళ్ల ఒళ్లు మాత్రం ఆ పిల్లలను రక్తంలో తిరగనివ్వనంత ఉగ్రంగా ఎదురు తిరుగుతుంది. ఊపిరితిత్తుల్లో వాటిని పట్టి, ఇస్నోఫిల్స్‌ను దండుగా దించుతుంది. ఆ యుద్ధంలో పురుగు చస్తుంది, శ్వాసనాళాలు వాస్తాయి. రాత్రి దగ్గు, పిల్లికూతలు, ఆయాసం. బయటి నుంచి వింటే అచ్చం ఆస్తమానే.

ఇక్కడి నుంచి కథ ఆస్తమా మందుల వైపు మళ్లుతుంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో 1938లో ఫెల్డ్‌బర్గ్, కెల్లవే అనే ఇద్దరు జంతువుల ఊపిరితిత్తుల్లోకి తాచుపాము విషాన్ని ఎక్కించి, బయటికొచ్చిన ద్రవాన్ని పరీక్షించారు. కండరాన్ని నింపాదిగా, చాలాసేపు బిగించి ఉంచే ఒక పదార్థం అందులో ఉంది. అదేమిటో తెలియక ‘నెమ్మదిగా పనిచేసే పదార్థం’ అని ఊరుకున్నారు. అలర్జీ తగిలిన ఊపిరితిత్తుల్లోనూ అదే ఊరుతుందని తర్వాత తెలిసింది. ఆస్తమా రోగి గొంతు బిగబట్టినట్టు అల్లాడేది చాలావరకు దీని పుణ్యమే. 1968లో హార్వర్డ్‌లో ఆరెంజ్, ఆస్టిన్ తదితరులు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో ఈ పదార్థం విడుదలను అడ్డుకున్న మందు ఏదో తెలుసా? హెట్రజాన్! బోదకాలు బిళ్ల ఆస్తమా మూలానికి అడ్డుపడింది.

ఆ పదార్థం గుట్టును 1979లో స్వీడన్‌లో బెంగ్ట్ శామ్యుయెల్సన్ బృందం విప్పింది. ల్యూకోట్రైన్లని పేరు పెట్టింది. 1982లో ఆయనకు నోబెల్ వచ్చింది. ఆయనతో కలిసి పనిచేసిన రాబర్ట్ మర్ఫీ అదే ఏడాది, కణాల్లో ల్యూకోట్రైన్ల తయారీకే హెట్రజాన్ గండికొడుతుందని చూపించాడు. అలాగని హెట్రజాన్ ఆస్తమా మందు కాలేదు. ఆస్తమా రోగులకు దాన్ని ఇచ్చి చూసిన డాక్టర్లు 1960ల్లోనే ఉన్నారు గానీ, ఆ దారి సాగలేదు. ల్యూకోట్రైన్లను అడ్డుకునే మందులు వేరే దారిలో వచ్చాయి. మనం రొంపకూ, తుమ్ములకూ కూడా అలవోకగా మింగేస్తున్న మాంటెలుకాస్ట్ అమెరికాలో 1998లో అనుమతి పొందింది. కొందరిలో పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల దాకా తీసుకెళ్తోందని అక్కడి ఔషధ సంస్థ 2020లో దాని లేబుల్‌లో గట్టి హెచ్చరిక వేయించింది. మన మందుల షాపుల్లో దాన్ని ఇప్పటికీ చిన్నపిల్లల చేతికి చాక్లెట్ ఇచ్చినట్టే ఇస్తున్నారు.

ఇక ఇస్నోఫిల్స్. ఆ కణాలను ఒంట్లో పెంచే ఇంటర్‌ల్యూకిన్-5 అనే సందేశాన్ని అడ్డుకుంటే ఆస్తమా తగ్గాలి కదా అని మెపోలిజుమాబ్ అనే ఇంజెక్షన్ తయారుచేశారు. 2000లో వెలువడిన మొదటి పరీక్షలో ఇస్నోఫిల్స్ తగ్గాయి, ఆస్తమా తగ్గలేదు. మందు దాదాపు అటకెక్కింది. లోపం మందులో లేదు, రోగుల ఎంపికలో ఉంది. పిల్లికూతలు ఉన్నవాళ్లందరినీ ఒక్క గాటన కట్టారు. ఇంగ్లండ్‌లోని లెస్టర్‌లో ప్రణబ్ హల్దర్, కెనడాలో పరమేశ్వరన్ నాయర్ బృందాలు కళ్లెలో ఇస్నోఫిల్స్ నిజంగా ఎక్కువున్న మొండి ఆస్తమా రోగులనే ఏరుకున్నాయి. 2009లో ఫలితాలొచ్చాయి. హల్దర్ పరీక్షలో ఉన్నది 61 మందే. ఉత్తుత్తి సూది పడ్డవాళ్లకు ఏడాదిలో సగటున 3.4 సార్లు జబ్బు తిరగబెడితే, అసలు మందు పడ్డవాళ్లకు 2 సార్లు. 2015లో అమెరికా అనుమతించింది. పై లక్షణాలు ఒకటే అయినా లోపలి జబ్బులు వేరని ఆరోగ్యవరం డాక్టర్లు 1940లో పట్టుకున్న కిటుకునే ఆస్తమా పరిశోధన దాదాపు డెబ్బై ఏళ్లకు గానీ ఒంటబట్టించుకోలేదు.

మనం ఒంటబట్టించుకున్నామా? కోస్తాలో మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే సీబీపీ రక్తపరీక్ష కాగితం పట్టుకొచ్చేవాళ్లు తగులుతారు. “ఇస్నోఫీలియా వచ్చిందటన్నా, బిళ్లలివ్వు.” కాగితంలో ఇస్నోఫిల్స్ 9 శాతం. మైక్రోలీటరు రక్తంలో తెల్లకణాలు 8,000 అనుకుంటే అందులో ఇస్నోఫిల్స్ 720. ఫైలేరియా వల్ల వచ్చే అసలు ఇస్నోఫీలియాలో ఆ అంకె సాధారణంగా 3,000 దాటుతుంది. 720 అన్నది ఆస్తమాలో ఉండొచ్చు, అలర్జీలో ఉండొచ్చు, కడుపులో నులిపురుగులకూ ఉండొచ్చు. అయినా షాపులో హెట్రజాన్ మందే ఇంకో పేరుతో స్ట్రిప్పుగా చేతికొస్తుంది. అసలు ఆస్తమా రోగికి దానితో నాళాల వాపు తగ్గదు. తిరకాసు రెండో వైపూ ఉంది. ఫైలేరియా ఉన్న ప్రాంతం నుంచి వచ్చిన అసలు ఇస్నోఫీలియా రోగిని ఆస్తమా కింద జమకట్టి స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే నాలుగు రోజులు నెమ్మదిస్తుంది, మానగానే తిరగబెడుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు గట్టిపడతాయి. మూడు వారాల హెట్రజాన్ వాడాక కూడా కొందరి ఊపిరితిత్తుల లోపల వాపు సన్నగా రగులుతూనే ఉంటుందని చెన్నై క్షయ పరిశోధన కేంద్రం రోగుల మీద వి.కె. విజయన్, అమెరికా శాస్త్రజ్ఞులు కలిసి చేసిన పరిశోధనలో 1990లోనే తేలింది.

ఆస్తమాకు దిక్కు ఇన్‌హేలరే. మన దేశంలో ఆస్తమా రోగులు సుమారు 3.4 కోట్లని అంచనా. ప్రపంచ రోగుల్లో ఇది 13 శాతం. ఆస్తమా చావుల్లో మాత్రం మన వాటా 40 శాతానికి పైనే. వైద్యం లేక కాదు ఇది. బెక్లోమెథసోన్ అనే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ 1972 నుంచీ ఉంది. “పంపు పెడితే జీవితాంతం వదలదు” అన్న భయమే ఎక్కువమందిని మాత్రల వైపు తోస్తోంది. శ్వాసనాళాలను వదులుచేసే సాల్బుటమాల్ మాత్రలో ఉండేది 4 మిల్లీగ్రాములు, పంపు ఒక్కసారి నొక్కితే వచ్చేది 100 మైక్రోగ్రాములు. అంటే నలభయ్యో వంతు. ఒళ్లంతా తిరిగి గుండె దడ పుట్టించే మాత్రకు లేని భయం, నేరుగా నాళాలకే వెళ్లే పంపుకు ఎందుకో! ఏటా మృగశిర కార్తెకు టీవీలు ఆస్తమాకని పంచే చేప ప్రసాదం వరసలను గంటలకొద్దీ చూపిస్తాయి. అందులో పది నిమిషాలు ఇన్‌హేలర్ ఎలా పీల్చాలో చూపిస్తే కొన్ని ప్రాణాలు నిలుస్తాయి. ఇంకో మాట. ఆయాసం వచ్చినప్పుడు సాల్బుటమాల్ పంపు ఒక్కటే వాడి ఊరుకోవద్దని, వాపు తగ్గించే స్టెరాయిడ్ కూడా ఇన్‌హేలర్‌లో ఉండి తీరాలని అంతర్జాతీయ ఆస్తమా నిపుణుల సంఘం ‘జినా’ 2019లో తేల్చి చెప్పింది. 

ఇంట్లో ఎవరికైనా రాత్రి దగ్గు, పిల్లికూతలు వారాల తరబడి వదలకపోతే షాపుకు వెళ్లకండి, ఛాతీ వైద్యుల దగ్గరికి వెళ్లండి. ఊదే పరీక్ష స్పైరోమెట్రీ చేయించమనండి. ఇస్నోఫిల్స్ శాతం కాక మొత్తం లెక్క ఎంతో అడగండి. బోదకాలు ఉన్న ఊరు మీదైతే ఆ సంగతి వాళ్లు అడగకపోయినా చెప్పండి.