చీలమండ శస్త్రచికిత్స, ఆ తరువాతి సహనం

వుజూ చేసేచోట తడి బండపై ఎడమ కాలు జారింది. బెణుకే అనుకుని నెల రోజులు మందు రాశాను. వాపు తగ్గినా, నడిచినప్పుడల్లా బయటి చీలమండ ఎముకపై ఏదో టక్కున దొర్లేది. ఇలాంటి లక్షణముంటే ఆలస్యం చేయక ఎముకల వైద్యునికి చూపించండి.

జనం దీనిని నరం తప్పడమంటారు. తప్పేది నరం కాదు, స్నాయువు. ఆ ఎముక వెనుక గాడిలో రెండు స్నాయువులుంటాయి. వాటిని పట్టి ఉంచే పొర చిరిగితే అవి ముందుకు జారుతాయి. గాయం కొత్తదైతే కొందరికి కట్టుతోనే మానుతుంది. నాది ముదిరింది. వైద్యులు పొరను ఎముకకు కుట్టి, గాడిని లోతు చేశారు.

కోతకన్నా కోలుకోవడమే కష్టం. రెండు వారాలు పాదం నేల మోపలేదు. ఆరు వారాలు కట్టు. కట్టుపై మసహ్ చేసి, కుర్చీలో నమాజు చదివాను. విద్యార్థులకు ఏళ్ళ తరబడి బోధించిన ఆ సౌలభ్యాన్ని స్వీకరించడానికి నాకే మనసొప్పలేదు! కట్టు విప్పగానే అత్తహియ్యాత్‌కు నేలపై కూర్చోబోయాను. ఎడమ పాదాన్ని పరచి దానిపై కూర్చుంటే కుట్టినచోటే లాగుతుందని, కుట్లు తెగితే మళ్ళీ కోతేనని ఫిజియోథెరపిస్టు మందలించారు.

రబ్బరు పట్టీతో వ్యాయామాలు చేయగా, నాలుగో నెలలో నేలపై కూర్చోగలిగాను, అల్‌హమ్దులిల్లాహ్. మెట్లు దిగేటప్పుడు ఇంకా గోడ పట్టుకుంటున్నాను.